కొడుకు చదువూ - ఇంటి పద్దూ

కార్మికుని ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో అందరికంటే ముందు విశ్వవిద్యాలయం మెట్టెక్కిన యువకుణ్ణి గురించి తెలుగు సాహిత్యం ఏం చెప్పింది? ఈ ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర సిద్ధంగా వున్న జవాబులు రెండు. ఒకటి విజయగాథ: పేదరికంలో పుట్టాడు, కష్టపడ్డాడు, పైకి వచ్చాడు. రెండవది విషాదగాథ: పేదరికంలో పుట్టాడు, కష్టపడ్డాడు, వ్యవస్థ అతణ్ణి మింగింది. మొదటిది పరీక్షాఫలితాలు వచ్చిన మర్నాడు దినపత్రికలు అచ్చువేసే కథ. రెండవది మన పత్రికలు ఇష్టపడే కథ. ముగింపులు వేరైనా రెండింటి నిర్మాణం ఒక్కటే. రెండింటిలోనూ ఆ యువకుడు ఒంటరివాడు. అతని వెనక ఒక ఇల్లు వుంటుంది గాని, అది గోడకు తగిలించిన పటంలా వుంటుంది: కన్నీళ్ళు పెట్టుకునే తల్లి, మాట్లాడని తండ్రి. ఆ ఇల్లు ఏ పని చేసి బతుకుతున్నది, ఎవరి చదువు ఆపి ఎవరి చదువు నడిపింది, అప్పు ఎక్కడ తెచ్చింది అనే ప్రశ్నలు కథకుడు వేయడు.

నా వాదం ఇది. ఇంట్లో మొదటిసారిగా పైచదువుకు పోయినవాడి చదువు ఒక కుటుంబం తన శ్రమను పంచుకున్న తీరులో భాగం. దాన్ని ఒక మనసులోని వేదనగా మాత్రమే రాసినంతకాలం, ఎంత గొప్పగా రాసినా సగమే రాసినట్టు. మిగతా సగం ఎక్కడ అని అడగవలసింది అభ్యుదయ విమర్శ. అది తగినంతగా అడగలేదు.

గాలిలో మాట్లాడకుండా వుండటానికి ఒక ప్రాంతాన్ని తీసుకుంటాను. హైదరాబాదుకు ఉత్తరపు అంచున మేడ్చల్, శామీర్‌పేట వున్నాయి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఇవి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చాయి. శామీర్‌పేటలో నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం వుంది. అది 1998లో శాసనం ద్వారా ఏర్పడింది. ఆ దగ్గరలోనే, జవహర్ నగర్ వద్ద, బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణం 2008లో మొదలయింది. ఇటు తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ పేరుతో మందుల, టీకాల పరిశ్రమలు. అటు మేడ్చల్, జీడిమెట్ల పారిశ్రామిక వాడలు. మధ్యలో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు, డిగ్రీ కళాశాలలు. తెల్లవారుజామున ఈ రోడ్ల మీద కంపెనీల బస్సులూ కళాశాలల బస్సులూ ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. చాలా ఇళ్ళలో తండ్రి ఒక బస్సు ఎక్కుతాడు, కొడుకు మరొకటి ఎక్కుతాడు.

దగ్గరగా వున్నంతమాత్రాన ఏ గేటూ తెరిచి వున్నట్టు కాదు. నల్సార్‌లో చేరాలంటే ఇంగ్లీషులో జరిగే దేశవ్యాప్త ప్రవేశపరీక్ష గట్టెక్కాలి. బిట్స్‌లో చేరాలంటే వారి పరీక్ష వేరే వుంది. అక్కడ కులప్రాతిపదికన రిజర్వేషన్లు లేవు. రెండుచోట్లా ఏడాది ఖర్చు లక్షల్లో వుంటుంది. ఈ దూరాన్ని గుర్తించినవాళ్ళు లేకపోలేదు. న్యాయశాస్త్ర ఆచార్యుడు షంనాద్ బషీర్ 2010లో ‘ఇడియా’ అనే సంస్థను ప్రారంభించింది, పేద పిల్లలను ఇటువంటి న్యాయ విశ్వవిద్యాలయాల దాకా తీసుకురావడానికే. కాని ఒక సంస్థ ఎంత పనిచేసినా అది నలుగురికి తలుపు తీయగలదు, గోడను తీయలేదు. కనుక మేడ్చల్ కర్మాగారంలో కాంట్రాక్టు కూలీగా పనిచేసేవాడి కొడుకు సాధారణంగా పోయేది జె.ఎన్.టి.యు.కో ఉస్మానియాకో అనుబంధమైన ఒక ప్రైవేటు కళాశాలకు. అతని పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు వుంటుంది. ఆ విశ్వవిద్యాలయం ఆవరణలో అతను ఒక్కసారైనా కాలు పెట్టి వుండకపోవచ్చు.

ఇక డబ్బు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు పథకం లేకపోతే ఈ యువకుల్లో చాలామంది ఇంజనీరింగు గడప తొక్కి వుండేవారు కారు. ఈ మాట నిస్సంకోచంగా ఒప్పుకోవాలి. ఐతే తెలంగాణలో ఆ పథకం నడిచిన తీరు చూడండి. ప్రవేశపరీక్షలో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. ఆ తరవాతి ర్యాంకులు వచ్చిన వెనకబడిన తరగతుల పిల్లలకు 35,000 రూపాయల వరకే. కళాశాల ఫీజు అంతకు మించితే ఆ తేడా ఎవరు కట్టాలి? ఇల్లు కట్టాలి. సర్కారు బకాయి పెడితే కళాశాల సర్టిఫికెట్లు ఆపుతుంది. అప్పుడు ఎవరు అప్పు తేవాలి? ఇల్లే తేవాలి. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు కొన్ని రోజులు మూతపడినప్పుడు పత్రికలు యాజమాన్యాల లెక్కలూ ప్రభుత్వం లెక్కలూ వేశాయి. ఇంటి లెక్క ఎవరూ వేయలేదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీసేవ కేంద్రం ముందు నిలబడ్డ యువకునికి మాత్రం ఆ లెక్క కంఠతా వచ్చు. తండ్రి ఇంత తక్కువ సంపాదిస్తాడని రుజువు చేస్తేగాని కొడుకు లోపలికి పోలేడు. ప్రభుత్వ కాగితంలో తండ్రి తప్పకుండా వుంటాడు. కథలోనే వుండడు.

కథలోకి వద్దాం. విశ్వవిద్యాలయంలో పేద విద్యార్థి అనగానే మనకు గుర్తుకు వచ్చే నవల నవీన్ ‘అంపశయ్య’. 1969లో వెలువడిన ఈ నవల ఉస్మానియా హాస్టల్లో వుండి చదువుకునే రవి అనే పల్లెటూరి యువకుని జీవితంలో ఒక్క రోజును చెబుతుంది. చైతన్యస్రవంతి పద్ధతిలో తెలుగులో వచ్చిన నవలల్లో దానికి గట్టి స్థానం వుంది. రచయిత ఇంటిపేరుగా మారిపోయేటంతగా పాఠకులు దాన్ని హత్తుకున్నారు. వ్యక్తివాదమని, మనోవిశ్లేషణ పిచ్చి అని ఇటువంటి నవలలను తీసిపారేసే అలవాటు మన విమర్శకు వుంది. ఆ అలవాటుతో నేను ఏకీభవించను. డబ్బు లేనివాడి సిగ్గు, డబ్బున్నవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు అతని ఒంట్లో పుట్టే బెదురు, ఎవరు చూస్తున్నారో అన్న అనుమానం - ఇవన్నీ సాంఘిక వాస్తవాలే. వర్గసమాజం మనిషి నరాల్లోకి ఎట్లా దిగుతుందో చూపడం వాస్తవికతకు విరుద్ధం కానేరదు.

నా అభ్యంతరం మరొకచోట వుంది. చైతన్యస్రవంతి పద్ధతి లక్షణం ఏమిటంటే, లోకంలోని ప్రతి వస్తువూ నాయకుని మనసులోనుంచే రావాలి. తల్లి అతనికి గుర్తుకు వస్తేనే వుంటుంది. తండ్రి అతణ్ణి బాధపెడితేనే వుంటాడు. అతను గుర్తు చేసుకోని గంటల్లో వాళ్ళు ఏం చేస్తున్నారో నవల చెప్పలేదు. ఆ ఒక్క రోజున రవి హాస్టల్లో అనుభవించిన ప్రతి నిమిషం మనకు తెలుసు. అదే రోజున అతని ఊళ్ళో అతనికోసం జరిగిన పని మనకు తెలియదు. ఇది నవీన్ లోపమనను. ఎన్నుకున్న రూపానికి వున్న హద్దు. ఐతే తరవాతి కథకుల్లో చాలామంది ఆ రూపంలోని సాహసం వదిలిపెట్టి, హద్దును మాత్రం వారసత్వంగా తీసుకున్నారు. పేద విద్యార్థి కథ అంటే అతని ఆత్మన్యూనత కథ అని స్థిరపడిపోయింది.

ఈ అలవాటు ఎంత లోతుకు పోయిందో తెలియడానికి ఒక బాధాకరమైన ఉదాహరణ చెప్పక తప్పదు. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. కుట్టుపని చేసి పిల్లలను పెంచిన తల్లికి కొడుకు. హాస్టల్లోనుంచి వెళ్ళగొట్టబడిన ఐదుగురు విద్యార్థుల్లో ఒకడు. అతను రాసిన చివరి ఉత్తరం దేశమంతా చదివింది. అందులో తారలను, విజ్ఞానశాస్త్రాన్ని, మనిషి విలువను గురించిన మాటలను మనం కవితలకు శీర్షికలుగా పెట్టుకున్నాం, గోడల మీద రాసుకున్నాం. అదే ఉత్తరంలో ఒక పద్దు కూడా వుంది. తనకు 7 నెలల ఫెలోషిప్ రావలసి వుందనీ, అది 1 లక్షా 75 వేల రూపాయలనీ, ఆ డబ్బు తన కుటుంబానికి చేరేటట్టు చూడమనీ, అందులోనుంచి ఒక స్నేహితుని అప్పు తీర్చమనీ అతను కోరాడు. మన కవులు ఆ వాక్యాలను దాదాపు ముట్టుకోలేదు. అవి కవిత్వానికి పనికిరావనుకున్నారో ఏమో! నా దృష్టిలో ఆ ఉత్తరంలో అతని ఇంటిని, అతని వర్గాన్ని, అతని బాధ్యతను ఒకే చోట చూపే వాక్యాలు అవే. ఆఖరి గడియలో కూడా అతను తన ఇంటి పద్దు సరిచేస్తున్నాడు. మనం అతణ్ణి ఒంటరి తారగా చేసి ఆకాశంలో పెట్టాం. అతను మాత్రం తనకు రావలసిన బాకీ, తాను ఇవ్వవలసిన బాకీ రాసిపెట్టాడు.

మరి ఇంటిని లోపలికి తెచ్చిన రచన ఎట్లా వుంటుంది? తెలుగు నేలమీదనే ఒకటి వుంది. వై.బి. సత్యనారాయణ ఇంగ్లీషులో 2011లో ప్రచురించిన కుటుంబచరిత్ర, తరవాత ‘మా నాయన బాలయ్య’గా తెలుగులోకి వచ్చింది. కరీంనగర్ ప్రాంతపు మాదిగ కుటుంబం ఒకటి ఊరు వదిలి రైల్వేలో కూలిపనికి చేరడం, స్టేషను నుంచి స్టేషనుకు మారుతూ బతకడం, బాలయ్య అనే రైల్వే కార్మికుడు తన పిల్లలను ఎట్లాగైనా చదివించాలని పట్టుబట్టడం, ఆ పిల్లలు విశ్వవిద్యాలయం దాకా వచ్చి ఆచార్యులు కావడం అందులోని వస్తువు. రచయిత స్వయంగా కళాశాల ప్రిన్సిపాలు అయినవాడు. కావాలనుకుంటే ‘నేను ఎట్లా ఎదిగాను’ అని రాసుకోవచ్చు. అట్లా రాసుకోలేదు. పుస్తకానికి తండ్రి పేరు పెట్టాడు. రైల్వే నౌకరీ ఆ కుటుంబానికి ఏం ఇచ్చింది? నెల జీతం ఇచ్చింది, ఊరి దొర అధికారం అందని క్వార్టరు ఇచ్చింది, బడి వున్న స్టేషను ఇచ్చింది. అంటే కొడుకు చదువుకు మూలం కొడుకు ప్రతిభలో మాత్రమే లేదు. తండ్రి శ్రమలోనూ, ఆ శ్రమకు దొరికిన నిలకడలోనూ వుంది. ఈ కారణ-కార్య సంబంధాన్ని చూపించినందువల్లనే ఆ పుస్తకం ఆత్మకథల మధ్య వేరుగా నిలబడుతుంది.

ఇక్కడ మరొక రైల్వే కార్మికుని కొడుకు గుర్తుకు వస్తాడు. ఆంగ్ల మార్క్సిస్టు విమర్శకుడు రేమండ్ విలియమ్స్ వేల్స్ దేశపు సరిహద్దు పల్లెలో సిగ్నల్‌మన్ కొడుకు, కేంబ్రిడ్జిలో చదివాడు. 1960లో అతను రాసిన నవల ‘బోర్డర్ కంట్రీ’లో లండనులో అధ్యాపకుడిగా వున్న మాథ్యూ ప్రైస్, తండ్రికి జబ్బు చేసిందని తెలిసి ఊరికి వస్తాడు. ఐతే నవల కొడుకు బాధ దగ్గర ఆగిపోదు. తండ్రి హ్యారీ యౌవనంలోకి, అతని సిగ్నల్ పెట్టెలోకి, 1926 సార్వత్రిక సమ్మెలోకి పోతుంది. కొడుకు వర్తమానమూ తండ్రి గతమూ పక్కపక్కన నడుస్తాయి. ఎవరి జీవితమూ మరొకరి జీవితానికి తెరవెనక బొమ్మ కాదు. నవలారూపం ఈ పని చేయగలదనడానికి ఇది సాక్ష్యం. ‘ఇది సాహిత్యం కాదు, అర్థశాస్త్రం’ అనేవారికి కూడా ఇదే సమాధానం.

మేడ్చల్ సైతం సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడు పోయే రైలుదారి మీదిదే. బాలయ్య కాలానికీ నేటికీ వున్న ముఖ్యమైన భేదం ఆ స్టేషను చుట్టుపక్కల తెలుస్తుంది. బాలయ్యకు నౌకరీ వుంది. నేటి మేడ్చల్ తండ్రికి చాలాసార్లు కాంట్రాక్టరు మాత్రమే వున్నాడు. కంపెనీ పేరు గేటు మీద వుంటుంది గాని అతని జీతం చీటీ మీద వుండదు. ఆ చీటీ అసలు వుంటే. క్వార్టరు లేదు, కిరాయి గది వుంది. బాలయ్య శ్రమ పిల్లల చదువుకు పునాది కాగలిగింది, అది నిలకడ గలది కనుక. పునాది కదులుతున్నప్పుడు పై అంతస్తు ఎట్లా కడతారు? ఈ ప్రశ్నను ఎదుర్కొన్న నవల ఈ ప్రాంతం నుంచి ఇంకా రావలసి వుంది.

ఈ దారిలోని ఒక డిగ్రీ కళాశాలలో కొంతకాలం తెలుగు చెప్పినవాణ్ణి కనుక ఆ నవలకు కావలసిన సామగ్రి ఏమిటో కొంత తెలుసు. కొంపల్లి మొదలు మేడ్చల్, శామీర్‌పేట దాకా రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్ళు వున్నాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో క్యాటరింగు వాళ్ళకు కుర్రవాళ్ళు కావాలి. తెల్లచొక్కా వేసుకుని రాత్రి వడ్డించిన విద్యార్థి ఉదయం మొదటి పీరియడ్‌లో నిద్రపోతాడు. మిగతా రోజుల్లో కొందరు బండిమీద భోజనాలు చేరవేస్తారు. అక్క పదవ తరగతితో చదువు ఆపి కుట్టుమిషను ముందు కూర్చున్నది; ఆమె డబ్బుతో తమ్ముడికి బస్‌పాసు వచ్చింది. ఆ యువకుడు తన విజయాన్ని తలచుకున్నప్పుడు అక్క ముందు తల ఎత్తలేడు. ఇది ఆత్మన్యూనతా? కాదు, అప్పు. ఈ రెండింటికీ తేడా తెలియని కథకుడు అతణ్ణి రాయలేడు.

భాష కూడా ఈ పద్దులో చేరేదే. ఉస్మానియా 1917 ఫర్మానాతో ఏర్పడినప్పుడు బోధన ఉర్దూలో. భారతీయ భాషలో పైచదువు చెప్పడం ఆనాటికి గొప్ప ముందడుగే. కాని తెలుగు పల్లె పిల్లవాడికి అది పరాయి భాషే. 1948 తరవాత ఇంగ్లీషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పాఠ్యగ్రంథాలు వేసినా, ఉద్యోగం దొరికే చదువులన్నీ ఇంగ్లీషులోనే వుండిపోయాయి. కనుక ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయానికి పోయినవాడు తన చదువులో ఏం నేర్చుకున్నాడో తండ్రికి తన భాషలో చెప్పలేడు. తండ్రి పనిలోని నైపుణ్యానికి తన పాఠంలో మాట లేదు. తండ్రీకొడుకుల మధ్య మౌనాన్ని మన కథకులు స్వభావంగా, ‘తరాల అంతరం’గా రాశారు. అది విద్యావిధానం నిర్మించిన మౌనం.

చివరగా, మన విమర్శ సంగతి. గోర్కీ 1884లో విశ్వవిద్యాలయంలో చేరే ఆశతో కజానుకు పోయాడు. చేరలేకపోయాడు. రేవుల్లో, రొట్టెల కార్ఖానాలో పనిచేశాడు. ఆ అనుభవాలకు 1923లో ‘నా విశ్వవిద్యాలయాలు’ అని పేరు పెట్టాడు. ఆ పేరులో ఎంత చేదు వుందో మనం మరిచాం. ‘జీవితమే విశ్వవిద్యాలయం’ అని దాన్ని తీపిమాటగా మార్చి, పట్టాలున్న మనం పట్టా లేనివాళ్ళకు చెబుతున్నాం. మన వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్ళలో వంటపని చేస్తూ అక్షరాలు కూడబెట్టుకున్నాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ఒక తరానికి పుస్తకాలు అందించాడు. ఆయనను తలచుకోవడం మన బాధ్యత. కాని ఆయనకు కళాశాల గేటు మూసి వుండటాన్ని ఆదర్శంగా చూపడం అన్యాయం. మూసిన గేటు ముందు కూడా ఆయన ఎదిగాడు. గేటు మూసి వుండటంవల్ల ఎదగలేదు.

ఇదే పొరపాటుకు రెండో ముఖం, మొదటి తరం విద్యార్థికి మనం పెట్టే పరీక్ష: ‘చదువు అయ్యాక తన వర్గానికి తిరిగి వచ్చాడా, లేక మధ్యతరగతిలో కలిసిపోయాడా?’ పూర్వపక్షంగా దీన్ని గౌరవించాలి. ఒక్కొక్కణ్ణి పైకి లాగి వర్గాన్ని కిందనే వుంచడం పాలకవర్గానికి తెలిసిన విద్యే. కాని ఈ పరీక్షను డాక్టరుగారి అబ్బాయికి మనం పెట్టం. ఉద్యోగం దొరికిన మేడ్చల్ యువకుడు మొదటి జీతంతో తమ్ముడి ఫీజు కడతాడు, రెండో జీతంతో అప్పు తీరుస్తాడు. అతను ఎక్కడికి పోయాడని అడిగే ముందు, అతను ఇంటిని విడిచి పోయాడా అని అడగాలి. అదే అప్పు అతణ్ణి భయస్థుణ్ణి కూడా చేస్తుంది. యాజమాన్యం ముందు నోరెత్తనివ్వదు, సంఘంలో చేరనివ్వదు. సాయంత్రం మన సభకు రాని విద్యార్థిని ‘చైతన్యం లేనివాడు’ అని తీర్పు చెప్పే విద్యార్థి నాయకుడు, ఆ సాయంత్రం అతను ఏ ఫంక్షన్ హాల్లో ప్లేట్లు తీస్తున్నాడో తెలుసుకోవాలి. తెలుసుకుంటే సభ పెట్టే వేళ మారుతుంది. ఫీజు బకాయిల గురించిన కరపత్రంలో కాంట్రాక్టు కూలి గురించిన వాక్యం చేరుతుంది. విద్యార్థి ఉద్యమమూ కార్మికోద్యమమూ ఒకే ఇంట్లో తండ్రీకొడుకులుగా వున్నాయని అప్పుడు తెలుస్తుంది.

కనుక ఈ ప్రాంతపు యువ రచయితలకు నా మనవి ఒక్కటే. మీ కథను గేటు దాటిన రోజుతో ముగించకండి, అక్కడ మొదలుపెట్టండి. మీ మనసు ఎట్లా వుందో రాయండి, తప్పులేదు. దాని పక్కనే నాయన షిఫ్టు ఎన్ని గంటలకు దిగిందో, అమ్మ ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చిందో, అక్క ఏ తరగతిలో బడి మానిందో రాయండి. వీలైతే అక్క చేతనే రాయించండి. ఆ కథ వచ్చిన రోజున దాన్ని చదవడానికి తగిన కొలతలు విమర్శకుల దగ్గర వుండాలి. వాటిని ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవడం మన పని.